బ్ర్నోలో పిల్లలకు చెక్ జానపద నృత్యం, సంగీతం ఎక్కడ, ఎలా నేర్పించాలి?

ప్రశ్న: "ఉద్యోగం మీద బ్ర్నో వచ్చి ఏడాది దాటింది. మా అమ్మాయికి పదేళ్లు. హైదరాబాద్‌లో కూచిపూడి నేర్చుకుంది, ఇక్కడికొచ్చాక ఆగిపోయింది. మొన్న జూన్‌లో స్ట్రాజ్నిత్సే ఉత్సవానికి తీసుకెళ్తే అక్కడ జంటలు గిరగిరా తిరిగే డాన్స్ చూసి అదే నేర్చుకుంటానంటోంది. మా అబ్బాయికి ఆరేళ్లు. వాడికి తీగల మీద చిన్న కర్రలతో కొట్టి వాయించే వాద్యం తెగ నచ్చేసింది. ఎక్కడ చేర్పించాలి? చెక్ భాష అంతంతమాత్రం, చేర్చుకుంటారా? అలా తిరిగితే పాపకి కళ్లు తిరగవా? పరీక్షలు, సర్టిఫికెట్ లాంటివి ఉంటాయా?"

సమాధానం:

నమస్కారమండీ. నేను చెక్ దేశపు తూర్పు భాగమైన మొరావియాలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. బ్ర్నోలోనే పెద్దవాళ్ల బృందం ఒకదానిలో డాన్స్ చేస్తాను. మా పిల్లలిద్దరూ ఇక్కడి కళా పాఠశాలల్లోనే నేర్చుకున్నారు. మీరు అడిగినవన్నీ చెబుతాను కానీ, స్కూలు సంగతి కాసేపు పక్కన పెట్టి అంతకంటే ముఖ్యమైనది ముందు చెబుతాను. మీ పాపకి మొదట అడుగులు కాదు, పాటలు నేర్పించండి. మొరావియా డాన్స్ పాటలోంచే మొదలవుతుంది. పాట రాని పిల్ల ఎంత బాగా తిరిగినా ఆ డాన్స్‌కి బయటే ఉండిపోతుంది.

మీ అమ్మాయి చూసినవి బహుశా తిరిగే జంట నృత్యాలు. స్ట్రాజ్నిత్సేలో దనాయ్ అంటారు, హోర్న్యాత్స్కో ప్రాంతంలో సెద్ల్‌ట్స్కా అంటారు, పోద్లుజీ ప్రాంతంలో వ్‌ర్త్యెనా అంటారు. పక్కపక్క ఊళ్లే అయినా పేరు మారుతుంది, పట్టు మారుతుంది, వేగం మారుతుంది. కానీ మొదలయ్యే తీరు చాలాచోట్ల ఒకటే. మగవాడు వాద్యబృందం ముందుకి నడిచి వెళ్తాడు. మొదటి వయొలిన్ వాయించే ఆయన్ని ప్రిమాష్ అంటారు. ఆయనకి ఎదురుగా నిలబడి తనకి కావలసిన పాట తానే ఎత్తుకుంటాడు. శ్రుతి అతనిదే, వేగమూ అతనిదే. ప్రిమాష్ అది విని పట్టుకుంటాడు, వెనక బృందం అందుకుంటుంది. పాట ఒక చరణం అయ్యాక అతను జంటని పట్టుకుని తిరగడం మొదలుపెడతాడు. అంటే డాన్సర్ పాడకపోతే ఆ డాన్స్ మొదలే కాదు. పూర్వం ఇలా తన పాట వాయించమని అడిగినవాడు వాద్యకారులకి డబ్బులిచ్చేవాడు. అమ్మాయిలు ఊరికే పిలుపు కోసం ఎదురుచూస్తూ ఉండరు. చుట్టూ నిలబడి వాళ్లూ పాడతారు, వాళ్ల పాటలు వాళ్లకి వేరే ఉన్నాయి.

అందుకే ఇక్కడ మంచి పిల్లల బృందాల్లో మొదటి ఏడాది చూస్తే డాన్స్ క్లాసులాగే అనిపించదు. చేతులు పట్టుకుని గుండ్రంగా నడుస్తూ పాడటం, లెక్కల పాటలు, ఆటలు, చప్పట్లు. మన తల్లిదండ్రులకి అక్కడే టెన్షన్ మొదలవుతుంది, 'ఇంకా డాన్స్ ఎప్పుడు నేర్పిస్తారు' అని. దయచేసి తొందరపెట్టకండి. పెద్దల డాన్సులు పిల్లలతో చేయించకుండా, పిల్లల వయసుకి తగిన ఆటపాటలతోనే కార్యక్రమం కట్టే టీచర్ దొరికితే అది మీ అదృష్టం. పదేళ్ల పిల్లలకి పెద్దవాళ్ల ప్రేమ పాటలు, హావభావాలు నేర్పించి స్టేజీ ఎక్కించే బృందం అయితే నేను చేర్పించను.

ఇక కళ్లు తిరగడం గురించి. మన ఊళ్లలో ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడేటప్పుడు చేతులు పట్టుకుని వెనక్కి వాలి తిరుగుతారు కదా, ఈ జంట నృత్యాల కిటుకు కూడా అదే. ఇద్దరి బరువూ సమంగా పంచుకుని, ఇద్దరి మధ్యా ఉన్న ఒక బిందువు చుట్టూ తిరుగుతారు. ఎవరికి వాళ్లు తిరగరు. పూర్తిగా ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకి జరిగి నిలబడతారు, మోకాళ్లు మెత్తగా ఉంచుతారు, పాదం నేలకి దగ్గరగానే కదులుతుంది. చూపు జంట మీద ఉంటే కళ్లు తిరగడం చాలా తక్కువ. గోడల వంక, జనం వంక చూస్తేనే తిరుగుతాయి. కొన్ని వారాలు రోజూ కాసేపు అటూ ఇటూ తిరిగితే శరీరం అలవాటు పడుతుంది.

కూచిపూడి నేర్చుకున్న పిల్లకి ఇక్కడ ఏది సులువు, ఏది కష్టం అన్నది మీకు పనికొస్తుంది. కష్టమైనది ఎదుటికి చూపించే అలవాటు. మన నృత్యంలో ప్రేక్షకులు ముందుంటారు, ముఖం, చేతులు, కన్ను అన్నీ అటే మాట్లాడతాయి. ఇక్కడ జంట ఒకరినొకరు చూసుకుంటారు, వాద్యబృందాన్ని చూస్తారు, ప్రేక్షకులకి వీపు కనిపించినా పట్టించుకోరు. హస్తాలు ఉండవు, అభినయం ఉండదు. నవ్వు కూడా తెచ్చిపెట్టుకున్నది కనిపిస్తే టీచర్ వద్దంటుంది. అరమండి వల్ల తొడల్లో బలం మాత్రం మీ పాపకి ఇప్పటికే ఉంటుంది. అది తిరిగేటప్పుడు బాగా ఉపయోగపడుతుంది.

సులువైనది తాళం. ఇది చెప్పడానికి ఫురియాంత్ అనే నృత్యం మంచి ఉదాహరణ. ఇది మొరావియాది కాదు, పడమటి వైపు బొహీమియాది. కానీ కళా పాఠశాలల్లో ఎక్కువగా నేర్పిస్తారు. చెక్ స్వరకర్త స్మెతానా 1866లో ప్రదర్శించిన 'అమ్ముడుపోయిన పెళ్లికూతురు' ఆపెరాలో ఒక ఫురియాంత్ ఉంది. మరో చెక్ స్వరకర్త ద్వోర్జాక్ 1878లో రాసిన స్లావిక్ నృత్యాల మొదటి సంపుటి మొదలయ్యేదీ ముగిసేదీ ఫురియాంత్‌తోనే. దాని నడక చూడండి: మూడుసార్లు రెండేసి, తర్వాత రెండుసార్లు మూడేసి, మొత్తం పన్నెండు. మన జతుల్లో చెబితే 'తక తక తక తకిట తకిట'. ఇది చెక్ పిల్లలకే తికమక. రెండేసి దెబ్బల దగ్గర గట్టిగా వేసే అడుగు, మూడేసి దగ్గరకి వచ్చేసరికి వాల్ట్జ్‌లా ఒక తిప్పు. మారే చోట కాలు తడబడుతుంది. మీ పాప నోటితో చెప్పుకుంటూ వేస్తే చాలా త్వరగా పట్టేస్తుందని నా నమ్మకం. బొహీమియాలోనే ఖోడ్‌స్కో ప్రాంతం వైపు మాతెనీక్ అని ఇంకో రకం ఉంది. అందులో ఈ రెండు, మూడు ఒక్కో పాటలో ఒక్కో వరసలో వస్తాయి కాబట్టి పాట గుర్తులేకపోతే అడుగు వెయ్యలేరు. పాట ముందు రావాలని నేను అంత గట్టిగా చెప్పడానికి అదీ ఒక కారణం.

మొరావియా దగ్గరికి వస్తే మాత్రం తాళం లెక్క అంత సూటిగా ఉండదు. ఇక్కడ రెండో వయొలిన్లు, వయొలాలు వాయించే భాగాన్ని కోంట్రా అంటారు. తిరిగే నృత్యాలకి కోంట్రా వాయించేవాళ్లు వేసే నడకని దువాయ్ అంటారు. విల్లు ఒక్క వైపు లాగుతూనే అందులో రెండు స్వరాలు పలికిస్తారు, రెండోదాన్ని కాస్త నొక్కుతారు. ఆ నొక్కు దగ్గరే డాన్సర్ శరీరం బరువు దిగుతుంది. హోర్న్యాత్స్కోలో నెమ్మదిగా సాగే సెద్ల్‌ట్స్కాల్లో ఆ దెబ్బల మధ్య దూరం సమానంగా కూడా ఉండదు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. సమానంగా లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టి నేర్చుకుంటే అది చచ్చిపోతుంది. యూట్యూబ్ వీడియోలతో అడుగులు వస్తాయి గానీ ఇది రాదు. వాద్యబృందానికి దగ్గరగా నిలబడి, కోంట్రా వాయించేవాళ్ల కుడిచేతి వైపు చూస్తూ నేర్చుకోవాలి. చేర్చే ముందు బృందాన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ప్రాక్టీసుకి వాద్యబృందం వస్తుందా, లేక రికార్డింగ్ పెడతారా? ప్రతి వారం రాకపోయినా ఫర్వాలేదు. ఎప్పుడూ రికార్డింగే అయితే వేరే బృందం చూసుకోండి.

ఇప్పుడు స్కూళ్లు. చెక్ దేశంలో దాదాపు ప్రతి పట్టణంలో జుష్ అనే ప్రాథమిక కళా పాఠశాల ఉంటుంది. పిల్లలు ముద్దుగా జుష్కా అంటారు. మామూలు బడి అయ్యాక మధ్యాహ్నం, సాయంత్రం వెళ్లే బడి ఇది. సంగీతం, నృత్యం, చిత్రకళ, సాహిత్యం-నాటకం అని నాలుగు విభాగాలు ఉంటాయి. 1961 నుంచి ప్రజా కళా పాఠశాలలు అనే పేరుతో నడిచాయి, 1990లో ఇప్పటి పేరు వచ్చింది. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరిస్తుంది కాబట్టి తల్లిదండ్రులు కట్టేది నెలకి కొన్ని వందల కొరునాలు మాత్రమే. శిక్షణ పొందిన టీచర్, వాద్యానికైతే దాదాపు ఒక్కొక్కరికే విడిగా పాఠం, దానితో పాటు సంగీత సిద్ధాంతం క్లాసు, ఇన్నీ ఆ డబ్బులకే. నేను చూసినంతలో పిల్లల కళా విద్యకి ఇంత మంచి ఏర్పాటు చాలా దేశాల్లో లేదు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ దీన్ని వదులుకోకండి.

అయిదేళ్ల నుంచి సన్నాహక తరగతి ఉంటుంది. ఏడేళ్లకి మొదటి దశ మొదలై ఏడేళ్లు సాగుతుంది, ఆ తర్వాత రెండో దశ నాలుగేళ్లు. పదేళ్ల మీ అమ్మాయి మొదటి తరగతిలోనే కూర్చోవాలని లేదు. చేర్చుకునే ముందు చిన్న పరీక్ష పెట్టి, లయ, శరీరం ఎంత తయారుగా ఉన్నాయో చూసి తగిన తరగతిలో వేస్తారు. ఆ పరీక్షలు ఎక్కువగా మే, జూన్ నెలల్లో జరుగుతాయి, సెప్టెంబర్‌లో క్లాసులు మొదలవుతాయి. వేసవి సెలవుల తర్వాత వెళ్తే చాలాసార్లు సీట్లు అయిపోతాయి.

అయితే ఒక సంగతి తెలిసి చేర్పించండి. జుష్ నృత్య విభాగంలో జానపద నృత్యం ఒక పాఠ్యాంశం మాత్రమే. దానితో పాటు శాస్త్రీయ బాలే పద్ధతి, ఆధునిక నృత్యం కూడా ఉంటాయి. ఏది ఎంత అన్నది స్కూలునిబట్టి, టీచర్నిబట్టి ఉంటుంది. కొన్ని స్కూళ్లలో పోల్కా అడుగు, వాల్ట్జ్, నాలుగైదు జానపద నృత్యాలతో సరిపెడతారు. దక్షిణ మొరావియా వైపు కొన్ని స్కూళ్లలో మాత్రం అదే ప్రాణంగా నడుస్తుంది. కాబట్టి పాపకి నేను చెప్పేది రెండూ: శరీరం కోసం, క్రమశిక్షణ కోసం జుష్; అసలు నృత్యం కోసం పిల్లల జానపద బృందం. బ్ర్నోలో అలాంటి బృందాలు చాలానే ఉన్నాయి. వారానికి ఒకటో రెండో ప్రాక్టీసులు, ఏడాదిలో కొన్ని ప్రదర్శనలు, వేసవిలో క్యాంపు. పిల్లలకి స్నేహాలు కుదిరేది ఎక్కువగా ఆ క్యాంపుల్లోనే, భాష వచ్చేదీ అక్కడే.

భాష గురించి మరీ భయపడకండి. మా పిల్లల క్లాసుల్లో ఉక్రెయిన్, వియత్నాం పిల్లలు కూడా ఉండేవాళ్లు. నృత్యంలో టీచర్ చేసి చూపిస్తుంది, పిల్లలు చూసి చేస్తారు. పాటలు మాత్రం బడిలో నేర్పే చెక్ కాదు, ఆ ప్రాంతపు యాసలో ఉంటాయి. మీ పాప ఆ యాస ఇంట్లో పాడితే, బడిలో తప్పు నేర్పిస్తున్నారని అనుకోకండి. పాటల అర్థం టీచర్‌ని అడిగి రాయించుకుని, ఇంట్లో పాపకి తెలుగులో చెప్పండి. యుద్ధానికి పిలుపు వచ్చిన కుర్రాడు, ద్రాక్షతోట, గుర్రం, విడిపోయిన ప్రేయసి, ఇవే ఎక్కువ. అర్థం తెలిస్తే గొంతులోకి ప్రాణం వస్తుంది.

మీ బాబుకి నచ్చింది త్సింబాల్. సంతూర్ కుటుంబానికి చెందిన వాద్యమే గానీ చాలా పెద్దది. ఇప్పుడు బృందాల్లో కనిపించే కాళ్లున్న, పెడల్ ఉన్న పెద్ద త్సింబాల్ 1874లో బుడాపెస్ట్‌లో శుండా అనే వాద్యనిర్మాత తయారుచేసిన నమూనా నుంచి వచ్చింది. మొరావియా ఊళ్లలో పాత బృందాలు వయొలిన్లు, బాస్‌తోనే నడిచేవి, చిన్న త్సింబాల్ మెడకి వేలాడేసుకుని వాయించేవాళ్లు. పెద్దది 20వ శతాబ్దంలో స్థిరపడింది. దాని మీద స్వరాలు పియానో మీటల్లా వరసగా ఉండవు. తీగలు వంతెనల మీదుగా రెండు వైపులా విడిపోయి, సరిగమలు అక్కడక్కడా చెదిరి ఉంటాయి. ఏ స్వరం ఎక్కడుందో చేతికే గుర్తుండాలి. కర్రల చివర దూది చుట్టి ఉంటుంది, ఆ చుట్టడం కూడా వాయించేవాళ్లే నేర్చుకుంటారు.

ఆరేళ్ల పిల్లవాడికి చెయ్యి అంత దూరం అందుతుందా అన్నది టీచరే చూసి చెప్పాలి. అందకపోతే నా సలహా వయొలిన్. రెండు మూడేళ్లు వయొలిన్ నేర్చుకుంటే చెవి తయారవుతుంది, పైగా ఏ పిల్లల వాద్యబృందానికైనా కోంట్రా వాయించేవాళ్లు ఎప్పుడూ కావాలి. తర్వాత త్సింబాల్‌కి మారినా ఆ శ్రమ వృథా పోదు. త్సింబాల్ కొనకండి. ఖరీదు ఎక్కువ, ఇద్దరు ముగ్గురు పట్టందే కదలదు, అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లతో ఇబ్బంది. స్కూల్లో సాధన చేసుకోనిస్తారు, కొన్నిచోట్ల అద్దెకిస్తారు. బొహీమియాలో ఉండి ఉంటే తిత్తివాద్యం దుదీ గురించి కూడా చెప్పేవాణ్ని. స్ట్రాకోనిత్సే, దొమాజ్లిత్సే వైపు అది ఇప్పటికీ బతికున్న వాద్యం, మేక తల చెక్కిన గొట్టంతో చూడటానికే ముచ్చటగా ఉంటుంది. బ్ర్నో నుంచి దూరం కాబట్టి వదిలేస్తున్నాను.

పరీక్షలు, సర్టిఫికెట్ అడిగారు. జుష్‌లో ఏటా మార్కుల పత్రం ఇస్తారు, దశ పూర్తయినప్పుడు ముగింపు ప్రదర్శన ఉంటుంది. పై చదువు కావాలంటే కన్సర్వేటరీలు, అంటే సంగీతం, నృత్యం నేర్పే కళాశాలలు ఉన్నాయి. ప్రాగ్ కన్సర్వేటరీ 1808లో ఏర్పడింది. బ్ర్నోలోది 1919లో స్వరకర్త యానాచెక్ స్థాపించాడు, అక్కడ త్సింబాల్ కూడా ముఖ్య వాద్యంగా చదవొచ్చు. నృత్యానికి ప్రాగ్, బ్ర్నోల్లో వేరే కన్సర్వేటరీలు ఉన్నాయి, ఒస్త్రావా కన్సర్వేటరీలో నృత్య విభాగం ఉంది, అక్కడ జానపద నృత్యం పాఠ్యాంశంగా ఉంటుంది గానీ ప్రధానం బాలేనే. ఊరి కుర్రాళ్లలో గొప్పగా ఆడేవాళ్లలో చాలామందికి ఏ డిప్లొమా ఉండదు. వడ్రంగులు, ఇంజినీర్లు, ద్రాక్షతోటల వాళ్లు.

వెర్బుంక్ చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. సైన్యంలోకి కుర్రాళ్లని చేర్చుకునే రోజుల నుంచి వచ్చిన మగవాళ్ల నృత్యం అది. 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది, 2008లో అమూర్త సాంస్కృతిక వారసత్వ ప్రతినిధి జాబితాలో చేరింది. మొదట పాట, తర్వాత నెమ్మది భాగం, ఆ తర్వాత ఎగిరి దూకే వేగం. ఆరు ప్రాంతాల శైలులు ఉన్నాయి. కానీ ఏ ఇద్దరూ ఒకేలా ఆడరు, ఆడకూడదు కూడా. పదిమంది ఒకే పాటకి పక్కపక్కన ఆడుతున్నా ఎవరి ఆట వాళ్లదే. స్ట్రాజ్నిత్సే ఉత్సవంలో 1986 నుంచి పోటీ జరుగుతోంది. పోటీదారు తన పాట తానే పాడి మొదలుపెడతాడు. న్యాయనిర్ణేతలు చూసేది గంతు ఎంత ఎత్తు అని మాత్రమే కాదు. తన ప్రాంతపు శైలిలో ఉన్నాడా, తనదైన మాట ఏమైనా అందులో ఉందా, పాటకీ ఒంటికీ పొత్తు కుదిరిందా అన్నది కూడా చూస్తారు. మీ బాబు పెద్దయ్యాక నేర్చుకోవచ్చు. ఇప్పుడు మాత్రం ఊళ్లలో చిన్నపిల్లలు చేసినట్టే పెద్దవాళ్ల వెనక నిలబడి అనుకరించనివ్వండి.

స్టేజీ మీద చూసినదాన్నే అసలు నృత్యం అనుకోకూడదని కూడా చెప్పాలి. 1948 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం జానపద బృందాలకి డబ్బిచ్చింది, వేదికలిచ్చింది, తన ప్రచారానికి వాడుకుంది కూడా. సోవియట్ నమూనాలో వరసలు కట్టి, ఒకేసారి కాలెత్తే నృత్యరూపకాలు అప్పుడు పెరిగాయి. చాలామంది చెక్ వాళ్లకి జానపదం అంటే విముఖత రావడానికి అదొక కారణం. మీ సహోద్యోగులు కొందరు 'అబ్బ, అదా' అని పెదవి విరిస్తే ఆశ్చర్యపోకండి. కానీ అదే కాలంలో జ్దెంకా యెలీన్‌కోవా లాంటివాళ్లు ఊరూరా తిరిగి ముసలివాళ్ల దగ్గర అడుగులు రాసుకున్నారు. అంతకు వందేళ్ల ముందు సుషిల్ అనే మతగురువు 2 వేలకు పైగా పాటలు సేకరించాడు, తర్వాత బర్తోష్, యానాచెక్ కలిసి మరో 2 వేలకు పైగా అచ్చువేశారు. ఈ రోజు పిల్లల బృందం టీచర్ ఒక పాట ఎంచుకుంటే అది ఎక్కువగా ఆ సంపుటాల్లోంచో, ఆ ఊరి పెద్దావిడ నోట్లోంచో వచ్చి ఉంటుంది. ఈ పాటల మూలాలు చెప్పగలిగే టీచర్ మంచి టీచర్.

దుస్తుల గురించి తల్లులు ఎక్కువగా అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. క్రోయ్ అనే ఆ సంప్రదాయ దుస్తులు ఊరూరికీ వేరు. బృందమే ఇస్తుంది, కొనాల్సిన పని లేదు. ఒక ఊరి జాకెట్టు, ఇంకో ఊరి పావడా కలిపి వేస్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన పావడాలు ఒకదాని మీద ఒకటి వేస్తారు, కట్టడానికి ఇంకొకరి సాయం తప్పదు. ఆ రోజు మీరు కాస్త ముందే వెళ్లి కట్టడం నేర్చుకోండి. మిగతా తల్లులతో పరిచయానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు.

చేర్చకముందే మీరు చేయగలిగినవి ఉన్నాయి. బ్ర్నోలో, చుట్టుపక్కల ఊళ్లలో త్సింబాల్ దగ్గర కూర్చుని పాడుకునే సాయంత్రాలు జరుగుతుంటాయి. బెసెదా ఉ త్సింబాలు అని పోస్టర్లు వేస్తారు. టికెట్ ఉన్నా తక్కువే, ఎవరైనా వెళ్లొచ్చు, పిల్లలు మధ్యలో పరిగెడుతున్నా ఎవరూ ఏమీ అనరు. బాబుని త్సింబాల్ పక్కన కూర్చోబెట్టండి. పాపని అమ్మాయిల గుంపులో నిలబెట్టండి. శరదృతువులో పోద్లుజీ ఊళ్లలో హోడీ పండగలు వస్తాయి. ఊరి మధ్య పొడవైన మాను నాటి, ఎర్ర ప్యాంట్లు, ఈకల టోపీలు పెట్టుకున్న పెళ్లికాని కుర్రాళ్లు ముందుండి నడిపిస్తారు, రెండు మూడు రోజులు డాన్స్ సాగుతుంది. అక్కడ త్సింబాల్ కంటే బాకాల బృందమే ఎక్కువ, కాబట్టి బాబు నిరాశపడకుండా ముందే చెప్పండి. బయటివాళ్లని బాగా ఆదరిస్తారు. మధ్యాహ్నం వెళ్తే పిల్లలకి ఇబ్బంది ఉండదు, రాత్రి పొద్దుపోయాక వైన్ జోరు ఎక్కువవుతుంది.

ఇప్పుడే చేయాల్సిన పని: మీ ఇంటికి దగ్గర్లో ఉన్న రెండు మూడు జుష్‌ల వెబ్‌సైట్లలో నృత్య విభాగం పేజీ, ప్రవేశ పరీక్షల తేదీలు చూడండి. జానపద నృత్యం ఏ తరగతి నుంచి ఉంది, త్సింబాల్ టీచర్ ఉన్నారా అని ఈమెయిల్ చేసి అడగండి. చెక్‌లో రాయడం కష్టమైతే నాకు పంపండి, సరిచేసి ఇస్తాను. పిల్లల బృందాలైతే సెప్టెంబర్‌లో ఒకటి రెండు ప్రాక్టీసులకి ఊరికే వచ్చి చూడనిస్తాయి. పాపతో పాటు మీరూ గోడవారగా కూర్చుని చూడండి. వెళ్లేముందు ఇంట్లో ఒక్క పాటైనా, రెండు చరణాలైనా నేర్పించి పంపండి.